ఆల్బట్రాస్ కక్కిన ఉండను విప్పి చూడడం ఎలా?

దక్షిణ అట్లాంటిక్ సముద్రంలోని దక్షిణ జార్జియా దీవి వాయవ్య కొసన ఉన్న బర్డ్ ఐలండ్‌లో వాండరింగ్ ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షి ఏం తింటుందో తెలియాలంటే పక్షిని పట్టుకోనక్కర్లేదు. మార్చి ప్రాంతంలో గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్ల చలికాలమంతా గూట్లోనే పెరుగుతుంది. ఏడాది చివర్లో ఎగిరిపోయే ముందు, కడుపులో అరగకుండా మిగిలినదంతా ఉండగా కక్కేస్తుంది. అందులో స్క్విడ్ ముక్కులే (ఈ మెత్తని సముద్రజీవి నోట్లో ఉండే గట్టి దవడలే) ఎక్కువ.

ముందుగా అక్కడి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. 2023 అక్టోబరులో ఈ దీవిలోని స్కువా అనే సముద్రపక్షుల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది కాబట్టి గ్లోవ్స్, మాస్కు తప్పనిసరి. ఒక్కో ఉండను ఒక్కో సంచిలో వేసి, గూటి నంబరు, తేదీ పెన్సిల్‌తో రాసిన చీటీ లోపల పెట్టండి. పెన్ను రాత ఆల్కహాల్‌లో చెరిగిపోతుంది.

ఉండను నీళ్లలో నానబెట్టి 0.5 మి.మీ. జల్లెడలో కడగండి. ప్లాస్టిక్‌ను, గాలపు ముళ్లను పారేయకండి. ముల్లు కనిపిస్తే ఆ తిండి లాంగ్‌లైన్ పడవల (పొడవాటి తాడుకు వరసగా గాలాలు కట్టి చేపలు పట్టే పడవల) నుంచి వచ్చి ఉండొచ్చు. దాన్ని పక్షి స్వయంగా వేటాడిన లెక్కలో కలపకూడదు.

పై ముక్కులు, కింది ముక్కులు వేరుచేసి లెక్కపెట్టండి. ఏవి ఎక్కువుంటే కనీసం అన్ని స్క్విడ్‌లు. జాతిని పోల్చుకోవడానికి మాత్రం కింది ముక్కే నమ్మకం. దాని మొన నుంచి దవడ మడత దాకా వెర్నియర్ కాలిపర్‌తో 0.1 మి.మీ. వరకూ కొలవాలి. కొండకోవియా అనే పెద్ద జాతి స్క్విడ్‌లో ఇది తరచుగా సెంటీమీటరు దాటుతుంది. ముక్కు కొలతను బరువుగా మార్చే ఆ జాతి సమీకరణంలో వేస్తే స్క్విడ్ బరువు వస్తుంది. 12కు బదులు 13 మి.మీ. అని రాస్తే బరువు పావు వంతుకు పైగా పెరిగిపోతుంది! మొన అరిగిన ముక్కులను లెక్కలో ఉంచండి, కొలతలో వద్దు.

ముక్కులను 70 శాతం ఇథనాల్‌లోనే ఉంచాలి. ఎండితే వంకరపోయి పగులుతాయి. చేపల చెవిరాళ్లు (చేప చెవి లోపలి చిన్న సున్నపు రాళ్లు) దొరికితే అవి పొడిగా ఉండాలి. ఫార్మలిన్ జోలికి పోవద్దు, ఆ ఆమ్లానికి చెవిరాళ్లు కరుగుతాయి.

అసలు చిక్కు లెక్క తేల్చేటప్పుడు వస్తుంది. ముక్కులు కడుపులో వారాలు, నెలలు నిలుస్తాయి. చెవిరాళ్లు త్వరగా అరిగిపోతాయి. రొయ్యలాంటి చిన్న జీవి క్రిల్ ఆనవాలు దాదాపు మిగలదు. అందుకే ఉండ ఒక్కదాన్నే నమ్మితే స్క్విడ్ వాటా ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. క్రిల్ బాగా తినే నల్లకనుబొమ్మ ఆల్బట్రాస్‌కైతే ఈ పద్ధతి అసలు చాలదు: పిల్లకు అప్పుడే తెచ్చిన తిండి నమూనా కావాలి, లేదా పిల్ల ఈకలో తిండిని బట్టి మారే నైట్రోజన్ ఐసోటోపుల (ఒకే మూలకపు వేర్వేరు బరువుల పరమాణువుల) పాళ్లు చూడాలి. పెద్ద పక్షి ఈక తీసుకోకండి. అది దీవికి దూరంగా, వేరే సముద్రంలో మొలిచి ఉంటుంది.