సంక్రాంతికి స్టేజీ, జెయింట్ వీల్ పెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

కోనసీమలో, భీమవరం వైపు పండక్కి ప్రోగ్రాములు పెట్టే కమిటీలవాళ్ల కోసం.

– పర్మిషన్ కాగితం చేతికొచ్చేదాకా ఆర్కెస్ట్రాకి అడ్వాన్స్ ఇవ్వకండి. దరఖాస్తు రసీదు పర్మిషన్ కాదు, ఆఖర్లో కుదరదన్నారంటే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే.

– స్థలం ఎవరిదో కనుక్కోండి. కాలువ గట్టు ఇరిగేషన్ వాళ్లదైతే, పంచాయతీ సరేనన్నా వాళ్లొచ్చి పందిరి పీకించొచ్చు.

– 2000 నాటి శబ్ద నిబంధనల ప్రకారం మైకు రాత్రి 10కి ఆపాలి, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప. ఆసుపత్రి, బడి చుట్టూ 100 మీటర్లలో అసలు పెట్టకండి. ‘మావాడు స్టేషన్లో మాట్లాడాడు’ అనే భరోసా ఎవరైనా ఫిర్యాదు చేసేదాకానే.

– వరి కోసిన చేలో జెయింట్ వీల్ అయితే గునపం దింపి చూడండి. పైన బీటలిచ్చినా జానెడు లోతున బంకమట్టి తడిగానే ఉంటుంది, ఒక కాలు కుంగితే చాలు.

– కరెంటుకి తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి, కొక్కేలు వద్దు.