పరమాణు కేంద్రకం – స్వయంబోధిని: మూడవ పాఠం (పరిమాణం, బంధన శక్తి)

పరమాణు సంఖ్య, ద్రవ్యరాశి సంఖ్య చూసి కేంద్రకంలో ఎన్ని ప్రోటాన్లు, ఎన్ని న్యూట్రాన్లు ఉన్నాయో చెప్పడం గత పాఠంలో నేర్చుకున్నాం. భీమిలి తీరపు నల్ల ఇసుకలోని మోనజైట్‌లో ఉండే థోరియం-232 కేంద్రకంలో 90 ప్రోటాన్లు, 142 న్యూట్రాన్లు అని ఈపాటికి మీరు పుస్తకం తెరవకుండానే చెప్పగలగాలి. ఈసారి రెండు లెక్కలు చేద్దాం. కేంద్రకం ఎంత పెద్దదన్నది మొదటిది, దానిని పూర్తిగా విడదీయాలంటే ఎంత శక్తి (బంధన శక్తి) కావాలన్నది రెండవది. కాగితం, క్యాలిక్యులేటరు దగ్గర పెట్టుకోండి.

మొదటి లెక్కకు సూత్రం చిన్నదే: ద్రవ్యరాశి సంఖ్యకు ఘనమూలం తీసి 1.2తో గుణిస్తే కేంద్రకపు వ్యాసార్థం ఫెర్మీలలో వస్తుంది. మిల్లీమీటరును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఫెర్మీ. వంటింటి గిన్నెలోని అల్యూమినియం-27 తీసుకుందాం. 27కు ఘనమూలం 3 కాబట్టి వ్యాసార్థం 3.6 ఫెర్మీలు. థోరియం క్షయ శ్రేణిలో (థోరియం క్షీణిస్తూ వరుసగా మారే కేంద్రకాలలో) పుట్టి, సెకను నిండకుండానే సగానికి పైగా మాయమయ్యే పొలోనియం-216కు ఘనమూలం 6, వ్యాసార్థం 7.2 ఫెర్మీలు.

కేంద్రకం చాలా చిన్నదని చెప్పి పాఠ్యపుస్తకాలు ముందుకు సాగిపోతాయి. నా మటుకు నాకు అది చాలదనిపిస్తుంది. అల్యూమినియం కేంద్రకాన్ని నాలుగైదు మిల్లీమీటర్ల మిరియపు గింజంత చేసి, విశాఖపట్నం బీచ్ రోడ్డులోని కుర్సుర సబ్‌మెరైన్ ముక్కు దగ్గర ఉంచామనుకోండి. ఆ పరమాణువు అంచు 91 మీటర్ల ఆ నౌక తోక దగ్గరికి చేరుతుంది. 1911లో రూథర్‌ఫర్డ్ ఆల్ఫా కణాల చెదరింపును వివరిస్తూ ప్రతిపాదించిన కేంద్రకం ఇదే. అందులో న్యూట్రాన్ కూడా ఉందని 1932లో చాడ్విక్ కనుగొన్నాడు.

ఇప్పుడు పై రెండు జవాబులను పక్కపక్కన పెట్టి చూడండి. పొలోనియంలో న్యూక్లియాన్లు (ప్రోటాన్లు, న్యూట్రాన్లు రెంటికీ కలిపి పేరు) అల్యూమినియంకు ఎనిమిది రెట్లు ఉన్నా వ్యాసార్థం రెట్టింపే, అంటే ఘనపరిమాణం సరిగ్గా ఎనిమిది రెట్లు. ఎంతమంది చేరినా ఒక్కో న్యూక్లియాన్ ఆక్రమించే చోటు మారడం లేదు. అందువల్లనే అన్ని కేంద్రకాల సాంద్రతా దాదాపు ఒకటే: ఘనపు మీటరుకు 2.3 × 10¹⁷ కిలోగ్రాములు. ఒక్క ఘన మిల్లీమీటరు కేంద్రక పదార్థం 2,30,000 టన్నులు తూగుతుంది. మన విశాఖ ఔటర్ హార్బర్‌లో ఇనుప ఖనిజం నింపుకొనే పెద్ద ఓడ మోసే సరుకు కూడా అంత ఉండదు.

ఇలా ఎందుకు జరుగుతుంది? కేంద్రక బలం రెండు మూడు ఫెర్మీలు దాటి పనిచేయదు. సింహాచలం గిరిప్రదక్షిణలో లక్షల మంది ఉన్నా మీరు చేయి పట్టుకోగలిగేది పక్కనున్న నలుగురినే. న్యూక్లియాన్ల సంగతీ అంతే. ప్రోటాన్ల మధ్య వికర్షణ మాత్రం మైకులో మాట వంటిది, కేంద్రకంలోని ప్రతి ప్రోటాన్‌కూ అందుతుంది.

రెండవ లెక్కలో ఈ సంగతే మళ్ళీ కనిపిస్తుంది. విడివిడి కణాల ద్రవ్యరాశుల మొత్తం కన్నా వాటితో ఏర్పడిన కేంద్రకపు ద్రవ్యరాశి తక్కువ. ఈ తేడా ద్రవ్యరాశి లోపం. పరమాణు ద్రవ్యరాశి ప్రమాణాలలో ఉన్న లోపాన్ని 931.5తో గుణిస్తే బంధన శక్తి మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులలో వస్తుంది. హీలియం-4కు చేద్దాం. రెండు హైడ్రోజన్ పరమాణువులు (ఒక్కొక్కటి 1.007825), రెండు న్యూట్రాన్లు (ఒక్కొక్కటి 1.008665) కలిపితే 4.032980. హీలియం పరమాణువు 4.002603. లోపం 0.030377, శక్తి 28.3, నాలుగుతో భాగిస్తే ఒక్కో న్యూక్లియాన్‌కు 7.07.

ప్రోటాన్‌కు బదులు హైడ్రోజన్ పరమాణువును ఎందుకు వాడామో గమనించారా? పట్టికలు ఇచ్చేవి ఎలక్ట్రాన్లతో కూడిన పరమాణు ద్రవ్యరాశులు. రెండు వైపులా ఎలక్ట్రాన్లు ఉంటేనే అవి ఒకదానితో ఒకటి చెల్లిపోతాయి. దశాంశాలను మధ్యలో కుదించడం ఇంకొక పొరపాటు. హీలియంలో అసలు సంగతంతా రెండవ దశాంశ స్థానం నుంచే మొదలవుతుంది. సన్యాసం స్వీకరించాక భౌతికశాస్త్రం చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర విభాగాన్ని నెలకొల్పిన స్వామి జ్ఞానానంద ప్రధానంగా కృషి చేసింది వర్ణపటాలను కచ్చితంగా కొలవడంపైనే. ఈ విద్యలో చివరి అంకెలకు అంత విలువ ఉంది.

ఇనుము-56 (26 ప్రోటాన్లు, పరమాణు ద్రవ్యరాశి 55.934936) లెక్క మీరే చేయండి, ఒక్కో న్యూక్లియాన్‌కు 8.79 రావాలి. న్యూక్లియాన్లు పద్నాలుగు రెట్లయినా తలా వాటా ఏడు నుంచి తొమ్మిది లోపే ఆగిపోయింది. చేయి అందేంత దూరంలో ఉన్నవారే బంధానికి లెక్కలోకి వస్తారు కాబట్టి వాటా అంతకంతకూ పెరిగిపోదు. ఇనుము దాటాక అది తగ్గడానికి కారణం అందరికీ వినిపించే ఆ వికర్షణే.

అభ్యాసం: థోరియం-232 పరమాణు ద్రవ్యరాశి 232.038055. ఒక్కో న్యూక్లియాన్‌కు బంధన శక్తి కనుక్కోండి. సరైన జవాబు 7.6కు కొంచెం పైన ఉంటుంది. మీకు 7.4 వస్తే, హైడ్రోజన్ ఉండవలసిన చోట ఒంటరి ప్రోటాన్ ద్రవ్యరాశి 1.007276 వేసి, 90 ఎలక్ట్రాన్లను ఒక వైపే వదిలేశారన్నమాట.