చెవికి పదును – 4వ పాఠం: విడి సౌండ్ కార్డా, బోర్డు మీదిదే చాలా?

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. పోయిన పాఠంలో నిశ్శబ్ద పరీక్ష చేయమన్నాను: ఆటా పాటా ఏదీ నడపకుండా, వాల్యూమ్ నూటికి పెంచి, హెడ్‌ఫోన్‌లో ఏం వినబడుతుందో కాగితం మీద రాయమన్నాను. నోటిఫికేషన్లు ఆపేయమని మాత్రం చెప్పలేదు. సరిగ్గా అప్పుడే మెసేజి వచ్చి చెవులు గింగిర్లెత్తాయని నలుగురు రాశారు. మన్నించండి. ఇకమీద వాల్యూమ్ పెంచేటప్పుడు హెడ్‌ఫోన్ టేబుల్ మీద ఉండాలి. పెంచాక జానెడు దూరం నుంచి మెల్లగా చెవి దగ్గరికి తెచ్చుకోండి.

ఈ పాఠంలో కంప్యూటర్ ఆటల కోసం, మదర్‌బోర్డు మీదే వచ్చే సౌండుకి బదులు విడిగా కొనే సౌండ్ కార్డుల ఎంపిక మొదలుపెట్టాలని అనుకున్నాను. మీ జవాబులు చదివాక సగం పాఠం వాటికే పోయేలా ఉంది. పోనివ్వండి. పునాది లేకుండా మేడ కట్టలేం కదా.

ఒకాయన కార్డు కొని రెండు నెలలైందట, బోర్డు సౌండుకీ దానికీ ఇసుమంత తేడా లేదట. హెడ్‌ఫోన్ పిన్ను ఎక్కడ గుచ్చుతున్నారని అడిగాను. "క్యాబినెట్ ముందు వైపు సార్, వెనక్కి వంగలేక." అదీ సంగతి! క్యాబినెట్ ముందున్న రంధ్రం నుంచి ఒక సన్నటి వైరు లోపల మదర్‌బోర్డు అడుగు అంచుకి వెళ్తుంది. అక్కడ రెండు వరసల్లో తొమ్మిది పిన్నులు, ఒక ఖాళీ ఉంటాయి. పక్కన ఎఫ్ ఆడియో అనో, జేఏయూడీ1 అనో, ఏఏఎఫ్‌పీ అనో అచ్చు వేసి ఉంటుంది. ఆ వైరు అక్కడున్నంత కాలం ముందు రంధ్రం బోర్డుదే. కొత్త బోరు వేయించి పాత బావి నీళ్లే తోడుకుంటున్నట్టు, ఆయన విండోస్‌లో కూడా బోర్డు సౌండు చిప్పైన రియల్‌టెక్‌నే ఎంచుకుని రెండు నెలలుగా దాన్నే వింటున్నాడు.

చాలా కార్డుల మీద అలాంటి తొమ్మిది పిన్నులే ఉంటాయి, వైరు పీకి అక్కడ తగిలించొచ్చు. అయితే కొన్ని కార్డుల్లో బలమైన యాంప్ (శబ్దానికి బలమిచ్చే భాగం) వెనక రంధ్రానికే ఉంటుంది, ముందుకి రాదు. నా సలహా అడిగితే వంద రూపాయల ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చి వెనక గుచ్చి, కొసని టేబుల్ అంచుకి టేపుతో అంటించుకోండి. నేను చేసేది అదే.

ఇంకో ఇద్దరివి యూఎస్‌బీ హెడ్‌సెట్లు. యూఎస్‌బీ తీగలోకి వచ్చేవి అంకెలు. వాటిని శబ్దంగా మార్చే చిప్పు ఆ హెడ్‌సెట్‌లోనే ఉంటుంది. మీరు ఎంత ఖరీదైన కార్డు తెచ్చి లోపల కూర్చోబెట్టినా మీ చెవికీ దానికీ పొత్తు లేదు. వైర్‌లెస్ వాటిదీ ఇదే కథ. మానిటర్ వెనక రంధ్రంలో గుచ్చుకునేవాళ్లకి శబ్దం హెచ్‌డీఎంఐ దారిన గ్రాఫిక్స్ కార్డు నుంచి వస్తుంది, సౌండ్ కార్డు నుంచి కాదు. కిందనున్న స్పీకర్ గుర్తు నొక్కితే ఏ పేరు కనబడుతుందో అదే మీ దారి. ముందు ఆ పేరు చదవండి, తర్వాత పర్సు తీయండి.

ఇక "గుయ్" మనే మోత గురించి రాసినవాళ్లే ఎక్కువ. ఇక్కడ రెండు రకాల రోగాల్ని ఒకే మందుతో నయం చేయాలని చూస్తున్నారు. మౌస్ కదిపినప్పుడో, ఆట మెనూలో ఫ్రేములు (సెకనుకి తెర మీద మారే బొమ్మలు) రెచ్చిపోయినప్పుడో మారే సన్నటి కీచు ఒక రకం, అది కంప్యూటర్ లోపలి రొద. ఏం చేసినా మారకుండా ఒకే స్థాయిలో ఝుమ్మనేది రెండో రకం. అది మన కరెంటు, 50 హెర్ట్‌జ్‌ది. ఈ రెండోది కరెంటు స్పీకర్లలో వినబడి, అదే రంధ్రంలో హెడ్‌ఫోన్ గుచ్చితే మాయమైందా? అయితే తప్పు బోర్డుది కాదు. సిస్టమ్ ఒక ప్లగ్గు నుంచీ స్పీకర్లు ఇంకో ప్లగ్గు నుంచీ ఎర్త్ తీసుకుని, మధ్యలో ఆడియో తీగతో చుట్టు పూర్తయింది. హెడ్‌ఫోన్‌కి గోడ ప్లగ్గుతో పని లేదు కాబట్టి ఆ చుట్టే ఏర్పడదు.

ఇది నేను డబ్బు తగలేసి నేర్చుకున్న పాఠం. అద్దె ఇంట్లో ఉన్నప్పుడు ఝుం పోవాలని కార్డు కొన్నాను, పోలేదు. యూఎస్‌బీది కొన్నాను, పోలేదు, ఎందుకంటే యూఎస్‌బీ తీగలో కూడా గ్రౌండ్ (ఎర్త్‌తో కలిసే తీగ) ఉంటుంది. చివరికి ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే ప్లగ్గులో ఎర్త్ వైరు అసలు బిగించే లేదు. ముందు సిస్టమ్‌నీ స్పీకర్లనీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టి చూడండి. అప్పటికీ పోకపోతే ఆడియో తీగ మధ్యలో ఆ చుట్టుని తెంచే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెట్టండి. ఎర్త్ పిన్ను విరిచేస్తే మోత పోతుందని ఎవరైనా చెబితే చెవిన వేసుకోకండి. మోత పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు.

మొదటి రకం, అంటే మారే కీచు హెడ్‌ఫోన్‌లో కూడా వినబడిందా? ముందు రంధ్రం మానేసి వెనక రంధ్రంలో గుచ్చి మళ్లీ వినండి. ముందుకొచ్చే వైరు గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచే పాకుతుంది కాబట్టి రొదంతా అక్కడే అంటుకోవచ్చు. వెనక కూడా ఉంటే, అప్పుడు, అప్పుడు మాత్రమే, విడి కార్డు మాట ఎత్తండి.

ఇప్పుడు నాకు చిరాకు తెప్పించే దగ్గరికి వద్దాం. దాదాపు ప్రతి ఉత్తరంలో ఒకటే వాక్యం: "అడుగుల చప్పుడు ఏ పక్కనుంచో తెలియట్లేదు, 7.1 కార్డు తీసుకోమంటారా?"

వద్దు. ముందు ఎందుకో వినండి. 7.1 అంటే చుట్టూ ఏడు స్పీకర్లు, బేస్‌కి ఒకటి. 5.1 అంటే ఐదు, బేస్‌కి ఒకటి.

మనకి ఉన్నవి రెండే చెవులు. ఎడమ పక్క చప్పుడు కుడి చెవికి కొంచెం ఆలస్యంగా చేరుతుంది. ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, 0.7 మిల్లీసెకన్లకి అటూ ఇటూ. పైగా మధ్యలో తల అడ్డం. చెవి డొప్ప మడతలు కొన్ని ఫ్రీక్వెన్సీల్ని (హెర్ట్‌జ్‌లో కొలిచే స్థాయిల్ని) పెంచుతాయి, కొన్నిటిని తగ్గిస్తాయి. ముందా వెనకా, పైనా కిందా అనేది మెదడు ఈ మార్పుల్ని బట్టే పోల్చుకుంటుంది. ఇదంతా లెక్కగట్టి ఎడమ, కుడి అనే రెండు చానెళ్లలోనే ఇమిడ్చే పద్ధతి పేరు హెచ్‌ఆర్‌టీఎఫ్. కౌంటర్ స్ట్రైక్, వాలరెంట్ లాంటి ఆటలు ఆ లెక్క తామే చేస్తాయి. శత్రువు ఏ మెట్టు మీదున్నాడో ఆటకే తెలుసు కాబట్టి ఆ లెక్క దానికే బాగా కుదురుతుంది. అంటే ఆట నుంచి బయటికొచ్చే ఆ రెండు చానెళ్లలో ముందూ వెనకా అప్పటికే కలిసిపోయి ఉన్నాయి. పప్పుకి పోపు పడిపోయింది.

ఇప్పుడు మీరేం చేస్తున్నారు? విండోస్‌లోనే ఉండే సరౌండ్ మీట, విండోస్ సోనిక్, ఆన్ చేస్తున్నారు. దాని మీద హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌లో 7.1 మీట నొక్కుతున్నారు. కొందరు కార్డు సాఫ్ట్‌వేర్‌లో సరౌండ్ కూడా. పోపు పడ్డ పప్పుకి మళ్లీ పోపు, ఆ పైన ఇంకో పోపు! రెండో లెక్క చేసే సాఫ్ట్‌వేర్‌కి మొదటి లెక్క జరిగిందని తెలియదు. వచ్చిన రెండు చానెళ్లని అది సాధారణంగా ఎదురుగా ఎడమొకటి, కుడొకటి పెట్టిన రెండు స్పీకర్లనుకుంటుంది. ఎడమ స్పీకరు శబ్దం కుడి చెవికి కూడా చేరాలి కాబట్టి, ఎడమది కొంచెం తీసి కుడిలో కలుపుతుంది. అక్కడితో ఆట ఎంతో జాగ్రత్తగా పెట్టిన ఆ 0.7 మిల్లీసెకన్ల తేడా చెడింది. వెనకనుంచి రావాల్సిన అడుగు ముందుకొచ్చింది, గది లేని చోట గది మోగుతోంది. మీకు "విశాలంగా" అనిపించేది ఆ చెడిపోయిన శబ్దమే. సినిమాకి అది బాగుండొచ్చు. మెట్ల కింద దాక్కున్నవాడిని పట్టుకోవడానికి మాత్రం పనికిరాదు.

కాబట్టి సూత్రం ఒక్కటే: లెక్క ఒక్కసారి, ఒక్కచోట. ఆటలో హెచ్‌ఆర్‌టీఎఫ్ ఉంటే ఆటలో హెడ్‌ఫోన్, స్టీరియో ఎంచుకోండి. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో స్పేషియల్ సౌండ్ ఆఫ్. కార్డు సాఫ్ట్‌వేర్‌లో మీటలన్నీ ఆఫ్. అసలు నేను ఆ సాఫ్ట్‌వేర్ వేసుకోనే వేసుకోను, డ్రైవర్ ఒక్కటి చాలు. ఆటలో ఆ లెక్క లేక 5.1 గానీ 7.1 గానీ మాత్రమే ఇస్తుంటే, అప్పుడు సోనిక్, డాల్బీ, కార్డు, ఈ మూడింటిలో ఏదో ఒక్కదాన్ని ఆన్ చేయండి. ఈ మార్పుకి రూపాయి ఖర్చు లేదు. చేసి వారం ఆడి, ఆ తర్వాత కూడా దిక్కు తెలియట్లేదంటే నాకు రాయండి.

"మరి మా అన్న సౌండ్ బ్లాస్టర్ కార్డు లేకుండా ఆట లేదనేవాడు" అంటారా? ఆయన కాలానికి ఆయన మాట నిజం. 1998లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ లైవ్ రోజుల్లో ఈఏఎక్స్ ప్రతిధ్వనుల లెక్క కార్డు మీది చిప్పే చేసేది. నెట్ సెంటర్లో కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడినవాళ్లకి ఆప్షన్లలో ఏ3డీ, ఈఏఎక్స్ అని రెండు గళ్లు ఉండేవి గుర్తుందా? 2007 మొదట్లో విండోస్ విస్టా వచ్చి, ఆటలు శబ్దం పంపే డైరెక్ట్‌సౌండ్ నుంచి కార్డుకి నేరుగా పోయే దారి మూసేసింది. అప్పట్నుంచి ఆ పని ప్రాసెసర్‌దే, దానికిప్పుడు అది లెక్కలోకి రాని బరువు. కార్డు పెడితే ఫ్రేములు పెరుగుతాయన్న మాట కూడా ఆ కాలానిదే.

మరి ఇవాళ్టి కార్డు ఎందుకు? రొద తక్కువ, బలం ఎక్కువ. రొద గురించి చెప్పుకున్నాం. బలం లెక్క చూద్దాం. వోల్టుని వోల్టుతో గుణించి ఓంలతో (కరెంటుకి ఎదురయ్యే నిరోధం కొలత) భాగిస్తే వాట్లు. బయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో హెడ్‌ఫోన్ 250 ఓంలది, 1 మిల్లీవాట్‌కి 96 డెసిబెల్స్ ఇస్తుంది. బోర్డు 1 వోల్టు ఇచ్చిందనుకుంటే 4 మిల్లీవాట్లు. వాట్లు రెట్టింపైన ప్రతిసారీ 3 డెసిబెల్స్ కలపాలి, అంటే 102. 2 వోల్టులిస్తే 108. "250 ఓంలకి యాంప్ లేకపోతే వినబడదు" అన్నవాళ్లు ఈ లెక్క చేయలేదు. గట్టిగా వినే అలవాటుంటే, తక్కువ మోతతో రికార్డయిన ఆటలుంటే చాలకపోవచ్చు, అంతే.

అసలు ఇబ్బంది 32 ఓంల మామూలు హెడ్‌సెట్లకి వస్తుంది, ఎవరూ అనుకోరు. కొన్ని బోర్డుల్లో రంధ్రానికి ముందు 75 ఓంల నిరోధం ఉంటుంది. 1 వోల్టులో హెడ్‌సెట్‌కి దక్కేది 32 భాగం 107 (75+32), అంటే 0.3 వోల్టు. మోత సరిపోతుంది కానీ, హెడ్‌ఫోన్ ఓంలు అన్ని ఫ్రీక్వెన్సీల్లో ఒకేలా ఉండవు కాబట్టి, ఓంలు పెరిగిన చోట శబ్దం ఉబ్బుతుంది. సాధారణంగా ఆ చోటు బేస్. బాంబు మోత అడుగుల చప్పుడుని మింగేస్తుంది. రంధ్రం ఓంలు హెడ్‌ఫోన్ ఓంలలో ఎనిమిదో వంతుకి మించకూడదని లెక్క. 32కి 4.

ఎంపిక గురించి రెండు ముక్కలు, మీకు తెలిసినవే. అనలాగ్ 5.1 స్పీకర్లున్నవాళ్లు, బోర్డు మీది రంధ్రాలు పాడైనవాళ్లు మదర్‌బోర్డు స్లాట్‌లో గుచ్చే పీసీఐఈ కార్డు తీసుకోవచ్చు. ముందు గ్రాఫిక్స్ కార్డు కింద చిన్న స్లాట్ ఖాళీగా కనబడుతోందో లేదో చూసుకోండి, మూడు స్లాట్ల లావున్నవి దాన్ని మూసేస్తాయి. స్టీరియో హెడ్‌ఫోన్ మాత్రమే ఉంటే నా ఓటు క్యాబినెట్ బయట ఉండే యూఎస్‌బీ డీఏసీకే (అంకెల్ని శబ్దంగా మార్చే చిన్న పెట్టె). లోపలి రొదకి దూరం, రేపు ల్యాప్‌టాప్‌కీ పనికొస్తుంది. రంగు లైట్లున్న కార్డు కొంటే నాకు చెప్పకండి.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను, పోయినసారిలా సగం చేసి పంపొద్దు. ఒక 33 ఓంల రెసిస్టర్, పాత 3.5 మిల్లీమీటర్ల తీగ, మల్టీమీటర్ కావాలి. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో రెసిస్టర్ దొరుకుతుంది. తీగ కోసి, పిన్ను కొసకి వెళ్లేదీ మొదలుకి వెళ్లేదీ వేరు చేయండి. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో 100 హెర్ట్‌జ్ సైన్ (ఒకే ఫ్రీక్వెన్సీ మోత) తయారుచేసి వాయించండి, హెర్ట్‌జ్ ఎక్కువైతే చవక మీటర్లు తప్పు చూపిస్తాయి. మీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి ఆ రెండు కొసల మధ్య చదవండి. తర్వాత అక్కడే రెసిస్టర్ అడ్డంగా కలిపి మళ్లీ చదవండి. మొదటి అంకెని రెండో అంకెతో భాగించి, ఒకటి తీసేసి, 33తో గుణిస్తే మీ రంధ్రం ఓంలు. 0.90, 0.60 వచ్చాయనుకోండి, 16.5. ముందు రంధ్రానికి, వెనక దానికి, ఉంటే కార్డుకి, మూడింటికీ విడివిడిగా చేయండి.

కార్డు ఉన్నవాళ్లకి ఇంకోటి. అదే మీటర్‌తో, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే, బోర్డు వోల్టూ కార్డు వోల్టూ 2 శాతం తేడాలోపు వచ్చేలా వాల్యూమ్ సరిచేయండి. గట్టిగా వినబడేదే మంచిదని చెవి మోసపోతుంది కాబట్టి ఇది తప్పదు. మీరు అటు తిరిగి కూర్చోండి. తమ్ముడో చెల్లెలో బొమ్మా బొరుసూ వేసి పిన్ను మారుస్తారు, ఏదో మీరు చెప్పాలి. 16 సార్లు. గాల్లో రాయి విసిరినా కనీసం 12 తగిలే అవకాశం నూటికి నాలుగుకి లోపే, కాబట్టి 12కి తగ్గకపోతే నమ్ముతాను. 9 వస్తే 9 అనే రాయండి. ఓంల అంకెలు మూడూ, ఈ అంకె ఒకటీ, హెడ్‌ఫోన్ మోడల్ పేరూ, ఒకే కాగితం మీద.