ఇంటి చరిత్ర వెతుకుదాం – మూడవ పాఠం: తాతగారి ఊరు అప్పుడు ఏ జిల్లాలో ఉండేది?

గత పాఠంలో ఇంట్లోని పెద్దలను అడిగి, గుర్తున్నంతవరకు తరాల పేర్లు, ఇంటిపేరు, పాత ఊరు, కులవృత్తి నోటుపుస్తకంలో రాసుకున్నాం. ఈసారి ఆ పుస్తకాన్ని పక్కన పెట్టుకొని, రూపాయి ఖర్చు లేకుండా ఇంటర్నెట్‌లో చూడగలిగిన రికార్డుల దగ్గరికి వెళదాం. తాతగారి పేరు గూగుల్‌లో టైపు చేసి, ఏమీ రాలేదని అక్కడితో ఆపేసేవారు చాలామంది ఉంటారు. మన వైపు పాత కాగితాలను మనిషి పేరుతో కాక, ఊరు, తాలూకా, జిల్లా వరుసలో దాచారు కాబట్టి, ముందుగా తేల్చుకోవలసింది ఊరి పాత చిరునామా.

ఇప్పటి జిల్లా పేరును నమ్ముకోకండి. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడ్డాయి. నారాయణపేట 2019లో వచ్చింది. ఇది అందరికీ తెలిసినదే. అసలు చిక్కు అంతకు ముందుది. గద్వాల, అలంపురం 1956 వరకు రాయచూరు జిల్లాలో, కొడంగల్ గుల్బర్గా జిల్లాలో ఉండేవి. మునగాల పరగణా చుట్టూ నిజాం ఇలాకా ఉన్నా, అది మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాకు చెంది, 1959లో గానీ నల్లగొండలో కలవలేదు. కనుక గద్వాల వారు 1931 జనాభా లెక్కల నివేదికలో మహబూబ్‌నగర్ పేజీలు ఎంత తిరగేసినా తమ ఊరి జాడ దొరకదు, రాయచూరు పేజీలు తెరవాలి. మునగాల వారు హైదరాబాదు సంపుటాలను పూర్తిగా వదిలి మద్రాసు సంపుటాలు చూడాలి.

ఈ నివేదికలు భారత జనగణన శాఖ వెబ్‌సైటులోని డిజిటల్ లైబ్రరీలోనూ, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ ఉచితంగా దొరుకుతాయి. వాటిలో మనుషుల పేర్లు ఉండవు. అయినా 1961 జిల్లా హ్యాండ్‌బుక్‌లో మీ ఊరి వరుసలో కుటుంబాల సంఖ్య, జనాభా చూసినప్పుడు, తాతగారు పెరిగిన ఊరు ఎంతటిదో మొదటిసారి కళ్లకు కడుతుంది. ఇంగ్లీషు అక్షరక్రమం ఒక్కటే అనుకోకుండా ‘పల్లి’, ‘గూడెం’, ‘గూడ’ వంటి చివరలను రెండు మూడు విధాలుగా రాసి వెతకండి.

తరువాతి పని తేదీలు. పాత రశీదుపైనో కౌలు కాగితంపైనో ఫసలీ సంవత్సరం (శిస్తు లెక్కలకు వాడిన పంటల ఏడాది) ఉంటే కంగారు పడనవసరం లేదు. నిజాం రాజ్యంలో ఫసలీ ఏడాది అక్టోబరు మొదటి వారంలో, ఆజుర్ మాసంతో మొదలయ్యేది. ఆజుర్, దై మాసాలైతే ఫసలీ అంకెకు 590, ఇస్ఫందార్ నుంచి ఆబాన్ వరకు అయితే 591 కలపాలి. బహ్మన్ మాసం డిసెంబరు, జనవరిల మధ్య పడుతుంది కాబట్టి రోజు కూడా చూడాలి. కాగితంపై ‘1346 ఫసలీ, తీర్’ అని ఉంటే అది 1937 వేసవి. మద్రాసు ఇలాకాలో ఫసలీ జూలై 1న మొదలయ్యేది కనుక మునగాల వారికి ఈ లెక్క పనికిరాదు.

జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) వారి అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఉచితంగా పేరు నమోదు చేసుకొని హైదరాబాదు రెసిడెన్సీ (నిజాం దగ్గర ఉండే బ్రిటిషు ప్రతినిధి కార్యాలయం) ఫైళ్లు వెతకవచ్చు. సంస్థానాలతో, జాగీర్లతో సంబంధమున్న కుటుంబాలకు ఇది ఎక్కువ ఉపయోగం. వంశవృక్షాల వెబ్‌సైటు ఫ్యామిలీసెర్చ్ కూడా ఉచితమే. అందులో హరిద్వార్ వంటి ఉత్తరాది తీర్థాల పండాల వహీలు (యాత్రికుల వంశావళి రాసుకునే పుస్తకాలు) ఉన్నాయి గానీ, మన ప్రాంతపు కుటుంబాలు దానిపై పెద్దగా ఆశ పెట్టుకోకూడదు.

నాకు బాధ కలిగించే విషయం ఒకటి చెప్పాలి. పట్టా ఉన్నవారి పేరు భూమి రికార్డులో సులువుగా దొరుకుతుంది. భూమిలేని కూలీ, ముంబైకి వలసపోయిన పాలమూరు కుటుంబం, వంటింటికే పరిమితమైన ముత్తవ్వ మాత్రం అందులో కనబడరు. వారికోసం ఓటర్ల జాబితా చూడండి. ఒకే ఇంటి నంబరు కింద ఉన్న పేర్లు, వయస్సులు, తండ్రి లేదా భర్త పేరు కలిపి రాస్తే కుటుంబం కొంతవరకు నిలబడుతుంది. అందులో ముత్తవ్వ పేరు పక్కన భర్త పేరే ఉంటుంది కాబట్టి, ఆమె పుట్టింటి ఇంటిపేరు, ఊరు మీ ఇంటి పెద్దలనే అడిగి ఈ వారమే రాసుకోండి.

అభ్యాసం: మీ ఊరి పేరు, 1931లో దాని తాలూకా, జిల్లా, రాష్ట్రం (నిజాం రాజ్యమో, మద్రాసు ప్రెసిడెన్సీయో) ఒక పంక్తిలో రాయండి. దాని కింద ఇంట్లో దొరికిన అతి పాత కాగితంపై ఉన్న ఫసలీ తేదీని ఇంగ్లీషు సంవత్సరంలోకి మార్చి రాయండి. వచ్చే పాఠంలో ఆ కాగితంలోని ఉర్దూ మాటలు చదవడం మొదలుపెడదాం.