పాత లాప్‌టాప్ విప్పుదాం – 3వ పాఠం: ఫ్యాన్ వెనుక కంబళి

పోయిన పాఠంలో రెండు పనులు అప్పగించాను. లాప్‌టాప్‌ను బోర్లించి, అడుగున ఉన్న స్క్రూలన్నీ కాగితం మీద బొమ్మగా గీసుకోమన్నాను. అరగంట సేపు వీడియో నడిపించి, ప్రాసెసర్ వేడి ఎన్ని డిగ్రీల దాకా ఎక్కిందో రాసి పెట్టుకోమన్నాను. ఈ రెండూ చేయనివాళ్ళు ఇవాళ స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు. ముందు చేసి రండి. అంకె రాసుకోకపోతే, ఇవాళ ఫ్యాన్ వెనుక పేరుకున్న దుమ్మును శుభ్రం చేశాక ఎంత మేలు జరిగిందో తేల్చుకోలేరు. బొమ్మ లేకపోతే ఏ స్క్రూ ఎక్కడిదో మీకే తెలియదు.

ఈ పాఠానికి నేను విప్పుతున్న లాప్‌టాప్ 2012లో కొన్నది. మూడవ తరం ఐ5 ప్రాసెసర్. అనంతపురంలోని మా ఇంట్లో, వీధి కిటికీ పక్కనున్న బల్ల మీదే దాని బతుకంతా గడిచింది. ఇక్కడ ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ కాస్త వాన దుమ్మును ఎన్నాళ్ళు అణిచి ఉంచుతుంది? ఆషాఢం వస్తే చాలు, రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే గాలి మన కిటికీల్లోకి ఎర్రమట్టిని మోసుకొస్తుంది. పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి వేలితో పేరు రాయవచ్చు. లాప్‌టాప్ ఫ్యాన్ రోజంతా పీల్చేది ఆ గాలినే.

విప్పే ముందు నా కొలత 91 డిగ్రీలు. ఈ తరం లాప్‌టాప్ ప్రాసెసర్లకు హద్దు 105 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ హద్దును తాకితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. లాప్‌టాప్ పాతబడి నెమ్మదించిందని చాలామంది అనుకునేది దీన్నే. అందులో వయసు పాత్ర కొంతే, ఊపిరాడకపోవడం పాత్ర ఎక్కువ.

గాలి దారి

ఊపిరి ఎక్కడ ఆగిందో తెలియాలంటే గాలి ఏ దారిన వెళుతుందో ముందు తెలియాలి. కమ్మరి కొలిమి దగ్గర చేత్తో తిప్పితే నిప్పుల మీదికి గాలి ఊదే గుండ్రటి డబ్బాను మీలో కొందరైనా చూసి ఉంటారు. అది మధ్యలోంచి గాలి పీల్చి, పక్కనున్న ఒకే నోటిలోంచి ఊదుతుంది. లాప్‌టాప్ ఫ్యాన్ కూడా అంతే. ఆ నోటికి ఎదురుగా పలుచని లోహపు రేకులు దువ్వెన పళ్ళలా వరుసగా నిలబడి ఉంటాయి. రెండు రేకుల మధ్య సందు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ.

ప్రాసెసర్ దగ్గర పుట్టిన వేడిని ఆ రేకుల దాకా మోసేది రాగి గొట్టం. చూడటానికి బల్లపరుపు కడ్డీలా ఉన్నా లోపల బోలుగా ఉంటుంది. అందులో కొద్దిగా నీరు పోసి మూసేసి ఉంటారు. ఆ నీరు ప్రాసెసర్ వైపు ఆవిరవుతుంది, రేకుల వైపు చల్లబడి మళ్ళీ నీరవుతుంది, లోపలి గోడలకున్న పొర వెంట ఇంకుతూ వెనక్కి వస్తుంది. అందుకే ఆ గొట్టాన్ని పట్టుకుని ఎత్తకూడదు, వంచకూడదు. ఒక్క నొక్కు పడినా లోపలి రాకపోకలు దెబ్బతింటాయి.

ఇక దుమ్ము సంగతి. రెక్కల మీద కనిపించే మట్టి మనకు పెద్ద శత్రువు కాదు. దుప్పటి నూగు, దూది పోగులు, వెంట్రుకలు ఫ్యాన్‌లోంచి దూసుకువెళ్ళి, రేకుల లోపలి అంచుకు తగులుకుని అక్కడే ఆగిపోతాయి. వాటి మీద సన్నమట్టి పేరుకుంటుంది. ఏళ్ళు గడిచేసరికి అదంతా నేసినట్టు ఒక పొర అవుతుంది. బయటి జాలీలోంచి టార్చి వేసి చూస్తే రేకులు తళతళలాడుతూ కనిపిస్తాయి, ఎందుకంటే పొర ఉన్నది వాటి వెనుక. బయటి నుంచి గాలి కొట్టి పని అయిపోయిందనుకునేవాళ్ళు ఇక్కడే పొరబడతారు. ఆ గాలికి పొర రేకుల నుంచి విడిపోయి ఫ్యాన్ మీద పడుతుంది. స్విచ్ వేయగానే తిరిగి తన చోటికే వెళ్ళి అతుక్కుంటుంది. ఫ్యాన్‌కూ రేకులకూ మధ్యనున్న ఆ సందులోకి చేరడానికే ఇవాళ ఇంత విప్పుడు.

మీ లాప్‌టాప్ ఏ రకం?

పాత లాప్‌టాప్‌లు ఈ విషయంలో మూడు రకాలు. కొన్నిటికి అడుగున ఫ్యాన్ ఉన్నచోటే చిన్న మూత ఉంటుంది. అది తీస్తే చాలు. కొన్నిటికి అడుగు మూత మొత్తం ఒకటిగా ఊడి వస్తుంది. డెల్ లాటిట్యూడ్ శ్రేణిలో ఇలాంటివి ఉన్నాయి. మూడో రకానికి పైనుంచి దిగాలి: కీబోర్డు, దాని కింద చేతులు ఆనించే పైమూత, ఆ తరువాతే ఫ్యాన్. నాది మూడో రకం కాబట్టి ఆ దారినే చెబుతాను. మీది సులువైన రకమైతే మధ్యలో రెండు మెట్లు వదిలేయండి.

లెనోవో, డెల్, హెచ్‌పీ సంస్థలు తమ వ్యాపార శ్రేణి లాప్‌టాప్‌లను విప్పే విధానాన్ని బొమ్మలతో సహా పుస్తకంగా ఇస్తాయి. మోడల్ పేరుతో వెతికితే ఉచితంగా దొరుకుతుంది. మెకానిక్ కోసం రాసినది, అందులో ఏ స్క్రూ ఎంత పొడవో కూడా ఉంటుంది. అది దొరికితే నా మాట కన్నా దాని మాటే వినండి.

విప్పడం

ఛార్జర్ తీయండి, బ్యాటరీ తీయండి, ఆ తరువాత పవర్ బటన్‌ను ఇరవై సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డులో మిగిలిన విద్యుత్తు దానితో ఖాళీ అవుతుంది.

ఒంటి మీద నూలు బట్టలు ఉండాలి. మన ఊరి పొడి గాలిలో పాలిస్టర్ చొక్కా విప్పితే చిటపటమంటుంది కదా, ఆ విద్యుత్తే వేలి కొస నుంచి బోర్డు మీదికి దూకితే చిప్పు చెడిపోవచ్చు. బోర్డును తాకే ముందు ప్రతిసారీ లాప్‌టాప్ లోపలి లోహపు చట్రాన్ని ముట్టుకోండి. కుళాయిని ముట్టుకుంటే చాలనే మాటను నమ్ముకోవద్దు. ఇప్పుడు ఇళ్ళలో పైపులు చాలావరకు ప్లాస్టిక్‌వే.

ఇక స్క్రూలు. తీసిన ప్రతి స్క్రూనూ మీరు గీసిన బొమ్మ మీద, అది ఉన్న చోటే, సెల్లో టేపుతో అంటించండి. గిన్నెలో వేయవద్దు. కొన్నేళ్ళ క్రితం మా అన్నయ్య లాప్‌టాప్‌ను విప్పి బిగించేటప్పుడు, 4 మిల్లీమీటర్ల స్క్రూ ఉండాల్సిన రంధ్రంలో 8 మిల్లీమీటర్లది పెట్టాను. చివరి రెండు చుట్లు బిగువుగా తగిలాయి. తుప్పు పట్టి ఉంటుందనుకుని ఇంకా తిప్పాను. తిరగేసి చూస్తే చేతులు ఆనించే చోట కందిగింజంత బొడిపె లేచి ఉంది. అది ఇప్పటికీ అలాగే ఉంది. చేతికి బిగువు తగిలిందంటే స్క్రూ ఏదో చెబుతోందని అర్థం. అక్కడే ఆగి వెనక్కి తిప్పండి.

కీబోర్డును పట్టి ఉంచే స్క్రూల పక్కన చాలా లాప్‌టాప్‌లలో చిన్న కీబోర్డు బొమ్మ అచ్చు వేసి ఉంటుంది. అవి తీసి, లాప్‌టాప్‌ను మామూలుగా తిప్పి పెట్టి, కీబోర్డు పై అంచున ఉన్న క్లిప్పులను గడువు తీరిన ఏటీఎం కార్డుతో ఒక్కొక్కటిగా వదిలించండి. స్క్రూడ్రైవర్ మొనతో కెలికితే ప్లాస్టిక్ నలుగుతుంది. కీబోర్డు లేచింది కదా అని పైకి లాగవద్దు. దాని అడుగున బోర్డుకు తగిలించిన పలుచని పట్టీ ఉంటుంది. వేలెడంత ఎత్తి, కింద తొంగి చూడండి.

ఆ పట్టీని పట్టి ఉంచే గొళ్ళెం రెండు రకాలు. ఒకటి పెట్టె సొరుగులా రెండు కొసల దగ్గర ఒక మిల్లీమీటరు బయటికి జరుగుతుంది. రెండోది తలుపులా పైకి లేస్తుంది. ఏ రకమో తేలేదాకా బలం వాడకండి. గొళ్ళెం విరిగితే కీబోర్డు ఇక పనిచేయదు, దాన్ని అతికించడం ఇంట్లో అయ్యే పని కాదు. గొళ్ళెం వదిలాక పట్టీ దానంతటదే జారి వస్తుంది.

పైమూతకు కీబోర్డు కింద కొన్ని స్క్రూలు, అడుగున కొన్ని, సీడీ డ్రైవ్ తీస్తే ఆ గూటిలో ఒకటో రెండో, రబ్బరు కాళ్ళ కింద ఒక్కోసారి ఇంకొన్ని. టచ్‌ప్యాడ్ పట్టీని, పవర్ బటన్ పట్టీని కూడా ఊడదీశాక, కార్డును అంచు వెంట జరుపుతూ పోతే క్లిప్పులు టక్ టక్‌మని వదులుతాయి. ఒకచోట మొండికేసిందా, అక్కడ ఇంకా స్క్రూ ఉందన్నమాటే. వెతకండి.

ఫ్యాన్ దగ్గర

ఇక్కడ ఫోనుతో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి. ఫ్యాన్ తీగ ఏ మలుపులో నొక్కి పెట్టి ఉందో తరువాత గుర్తుండదు. దాని కనెక్టరును రెండు గోళ్ళతో అటూ ఇటూ కదుపుతూ తీయండి, తీగలు పట్టి లాగవద్దు.

ఇప్పుడు ఒక నిర్ణయం చేయాలి. ఫ్యాన్ ఒక ముక్క, రాగి గొట్టం ఒక ముక్క అయితే రెండు మూడు చిన్న స్క్రూలతో ఫ్యాన్ ఒక్కటే బయటికి వస్తుంది. రెండూ కలిసి ఒకే ముక్కగా ఉంటే ఫ్యాన్ కోసం గొట్టాన్ని కూడా ప్రాసెసర్ మీద నుంచి ఎత్తాలి. ఎత్తితే వాటి మధ్యనున్న పేస్టు పొర, అంటే ప్రాసెసర్ వేడిని గొట్టానికి అందించే మెత్తటి పూత, చెదిరిపోతుంది, కొత్తది పూయక తప్పదు. అలాంటి లాప్‌టాప్ ఉన్నవాళ్ళు ఇవాళ దాన్ని ఎత్తవద్దు. ఫ్యాన్ డబ్బా పైరేకుకు ఉన్న చిన్న స్క్రూలు తీస్తే చాలాసార్లు ఆ రేకు ఒక్కటే లేస్తుంది. అక్కడి నుంచి రేకుల లోపలి అంచు అందుతుంది. ఇవాళ్టికి అది చాలు.

ఫ్యాన్ నోటికీ రేకులకూ మధ్య నల్లటి టేపు అంటించి ఉంటుంది. గాలి పక్కకు పోకుండా చూసేది అదే. చింపకుండా ఒక వైపు మాత్రం నెమ్మదిగా లేపండి, తిరిగి అంటించాలి.

నా ఫ్యాన్ లేపినప్పుడు పక్కన మా మేనకోడలు ఉంది. ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతోంది, ఈ పాఠాలన్నిటికీ మొదటి విద్యార్థిని తనే. రేకుల అంచు నుంచి ట్వీజర్‌తో పొరను ఒక కొసన పట్టి లాగింది. ముక్కలుగా రాలుతుందనుకున్నాను. చెదరకుండా ఒకే పట్టీగా వచ్చింది: బొటనవేలంత పొడవు, బూడిద రంగు, మధ్యలో ఎర్రమట్టి చార. కొన్ని తెల్లని నూలు పోగులు, ఒక పొడవాటి వెంట్రుక అందులో అల్లుకుని ఉన్నాయి. అరచేతిలో పెట్టుకుని చూసి, “మామా, ఇది అచ్చం కంబళి ముక్కలా ఉంది” అంది. నిజమే, మన కురుబవాళ్ళు నేసే గొంగళిని ముట్టుకుంటే ఉండే ముతకదనమే దానికీ ఉంది. దాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టి చూశాను. ఒక్క చుక్క వెలుగు ఇవతలికి రాలేదు. ఇన్నేళ్ళూ ఫ్యాన్ ఊదింది ఆ గోడ మీదికే.

శుభ్రం చేయడం

ఇందులో కష్టం ఏమీ లేదు. పొర తీశాక మెత్తటి పెయింటు కుంచెతో రేకులను అవి నిలబడిన దిశలోనే, అడ్డంగా కాకుండా, దువ్వండి. కెమెరా లెన్సు తుడిచేవాళ్ళు వాడే రబ్బరు గాలిబుడ్డితో బయటి వైపు నుంచి లోపలికి ఊదండి. వంగిన రేకు ఉంటే అగ్గిపుల్లతో సరిచేయండి.

ఫ్యాన్ రెక్కలను ఒక వేలితో ఆపి ఉంచి, ఒక్కొక్కటిగా కుంచెతో తుడవండి. జిడ్డు పట్టిన మట్టి వదలకపోతే ఇయర్‌బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, పిండి, తుడవండి. గాలి ఊదేటప్పుడు కూడా రెక్కలను వేలితో ఆపే ఉంచాలి. ఊదిన గాలికి అవి గిర్రున తిరిగితే చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ ఆ వేగానికి బేరింగు అరుగుతుంది.

పంక్చరు దుకాణానికి తీసుకెళ్ళి గాలి కొట్టించడం మన ఊళ్ళో చాలామందికి అలవాటు. దయచేసి ఆ పని చేయవద్దు. ఆ కంప్రెసర్ ట్యాంకులో నీరు చేరి ఉంటుంది, నూనె ఆవిరీ ఉంటుంది. అవి సన్నటి తుంపరగా బోర్డు మీద పడతాయి. పైగా ఆ ఒత్తిడికి రెక్క విరిగిపోవచ్చు. ఫ్యాన్‌లో కొబ్బరినూనె వేయడం ఇంకో పొరపాటు, అది చిక్కబడి దుమ్మును మరింత పట్టుకుంటుంది. ఫ్యాన్ గరగరమంటూ ఉంటే, రెక్కల చక్రం ఊడి వచ్చే రకమైతేనే, ఇరుసుకు ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేసి చూడవచ్చు. శబ్దం తగ్గకపోతే ఫ్యాన్ మార్చడమే మంచిది.

తిరిగి బిగించడం

వచ్చిన దారినే వెనక్కి వెళ్ళండి. టేపు అంటించారా, ఫ్యాన్ కనెక్టరు పెట్టారా, పట్టీల గొళ్ళేలు మూశారా అన్నది పైమూత వేయకముందే చూసుకోండి. ఫ్యాన్ తీగ మరిచిపోతే కొన్ని లాప్‌టాప్‌లు స్విచ్ వేయగానే ఫ్యాన్ లోపమని తెర మీద చూపి ఆగిపోతాయి. కొన్ని ఏమీ చెప్పకుండా కాగిపోతాయి. అన్ని స్క్రూలనూ ముందు సగం సగం తిప్పి, అన్నీ కూర్చున్నాకే బిగించండి.

ఆన్ చేశాక వేడిగాలి వచ్చే పక్క సందు దగ్గర సన్నని కాగితం పట్టీ పట్టుకోండి. నా లాప్‌టాప్ దగ్గర అంతకుముందు కాగితం కదిలేది కూడా కాదు. ఇప్పుడు రెపరెపలాడింది. అదే వీడియో అరగంట నడిపితే 91 డిగ్రీలు కాస్తా 73కు దిగింది. మీరు పోల్చుకునేటప్పుడు అదే గదిలో, దాదాపు అదే వేళకు కొలవండి. మే నెల మధ్యాహ్నం గదిలోనే 40 డిగ్రీలుంటే ప్రాసెసర్ దానికన్నా చల్లగా ఎలా ఉంటుంది? పొద్దుటి అంకెను మధ్యాహ్నపు అంకెతో పోల్చి నిరుత్సాహపడవద్దు.

వచ్చే పాఠానికి పని: మూడు రోజులు వరుసగా అదే వేళకు కొలిచి రాయండి. అంకె పది డిగ్రీలైనా తగ్గనివాళ్ళకు, గొట్టం ఎత్తకుండా ఆగినవాళ్ళకు 4వ పాఠంలో పేస్టు మార్చడం చెబుతాను. పేస్టు ఇప్పుడే కొనాలనుకునేవాళ్ళు ఒక గ్రాము ట్యూబు మించి తీసుకోవద్దు, బియ్యపుగింజంత చాలు.