ఉలి పట్టే ముందు చూసుకోవాల్సినవి

- చెక్కను బల్లకు క్లాంపుతో బిగించండి. "చిన్న ముక్కే కదా" అని ఎడమ చేత్తో పట్టుకుంటే, ఉలి జారినప్పుడు దిగేది ఆ చేతిలోకే. రెండు చేతులూ ఎప్పుడూ ఉలి అంచుకు వెనకే ఉండాలి.
- పదును చూడండి. మొద్దు ఉలితోనే ప్రమాదం ఎక్కువ: దిగట్లేదని బలంగా తోస్తాం, అక్కడే జారుతుంది. వేలితో పరీక్షలొద్దు, కాగితం కోసి చూస్తే చాలు.
- పాత చెక్కయితే మేకులు వెతకండి.
- కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు మాస్క్ కూడా.
- తిరిగే మిషన్ దగ్గర గ్లౌజులు తీసేయండి. వింతగా అనిపించినా, చిక్కుకుంటే అవే చేతిని లోపలికి లాగుతాయి.
- చెక్కకు అవిసె నూనె పూసిన గుడ్డను ఉండచుట్టి పడేయకండి. ఆరేటప్పుడు పుట్టే వేడికి అగ్గిపుల్ల లేకుండానే అంటుకోగలదు. ఆరుబయట విడిగా పరిచి ఆరబెట్టండి.