కొక్కెర తెగులు కాలం రాకముందే: పెరటి కోళ్ల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి పరిసరాల్లో నాటుకోళ్లు పెంచే ఇళ్లకు సంక్రాంతి మొదలు ఎండలు ముదిరే వరకు గడ్డుకాలం. పందేలకు వెళ్లిన పుంజులు తిరిగి ఇంటికి చేరేదీ, గ్రామదేవతల మొక్కులకూ గిరిజనుల చైత్ర పర్బ పండగకూ సంతల్లో కోళ్ల కొనుగోళ్లు పెరిగేదీ, పగటి ఎండకూ రాత్రి చలికీ తట్టుకోలేక కోళ్లు నీరసించేదీ ఈ నెలల్లోనే. ఈ రాకపోకల వెంటే కొక్కెర తెగులు పెరట్లోకి వస్తుంది. 1920ల చివర ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్‌లో గుర్తించినందున పశువైద్యులు దీన్ని రాణిఖేత్ వ్యాధి అంటారు. ఇది వైరస్ వల్ల వచ్చే రోగం కనుక వచ్చాక నయం చేసే మందు లేదు. టీకా వేయని మందలో పదికి తొమ్మిది కోళ్లు పోవడం కూడా ఉంది. పెట్టల మీద వచ్చే నాలుగు రూపాయలే చేతి ఖర్చుగా ఉన్న ఆడవాళ్లకు ఆ నష్టం ఎంతటిదో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కరలేదు.

అందుచేత టీకా పని సంక్రాంతికి ముందే పూర్తి కావాలి. కోడిపిల్లలకు 5 నుంచి 7 రోజుల వయసులో ఎఫ్-1 లేదా లసోటా టీకాను కంట్లో గాని ముక్కులో గాని ఒక చుక్క వేస్తారు. నెల వయసులో లసోటా మరోసారి ఇస్తారు. 8 వారాలు నిండిన కోళ్లకు ఆర్‌2బి టీకాను అర మిల్లీలీటరు చొప్పున రెక్క కింద చర్మంలోకి ఎక్కిస్తారు. ఇది ఘాటైన టీకా కాబట్టి చిన్న కోడిపిల్లలకు ఎంతమాత్రం వేయకూడదు. వారం ముందు నులిపురుగుల మందు తాగించి, ఆరోగ్యంగా ఉన్న కోళ్లకు మాత్రమే, అవి గూడు విడవకముందు తెల్లవారుజామున వేయిస్తే పట్టుకోవడమూ తేలిక, కోళ్లకు బెదురూ తక్కువ. ఆ తర్వాత ఆరు నెలలకోసారి మళ్లీ వేయించాలి.

టీకా వేసినా కోళ్లు చనిపోయాయని చెప్పేవారి మాటను కొట్టిపారేయలేము, ఎందుకంటే చాలాసార్లు లోపం టీకాది కాదు, అది వచ్చిన దారిది. సీసాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. బ్లాకు కేంద్రం నుంచి కొండ ఊరికి జేబులో పెట్టుకుని తెస్తే అందులోని బలం దారిలోనే పోతుంది. ఐసు వేసిన ఫ్లాస్కులోనే తెచ్చి, కలిపిన మందును నీడలో ఉంచి రెండు గంటల్లోపు వాడేయాలి. ఒక సీసాలో సాధారణంగా 100 లేదా అంతకు మించి మోతాదులు ఉంటాయి, ఇంటికి ఉండేవి పది పన్నెండు కోళ్లు. కనుక వీధి వీధంతా ఒక రోజు అనుకుని పశువైద్య సిబ్బందిని పిలిపించుకోవడమే దారి. పైగా ఒక్క ఇల్లు మానుకున్నా, పగలంతా కలిసి మేసే కోళ్ల మధ్య ఆ లోటు ఊరందరిదీ అవుతుంది.

ఇక సంత విషయం. కొన్న కోడినీ, అమ్ముడుపోక తిరిగి తెచ్చిన కోడినీ, పందెం నుంచి వచ్చిన పుంజునూ ఒకే రకంగా చూడాలి: మూడు వారాల పాటు మందకు దూరంగా, వేరే గంప కింద, వేరే నీళ్ల చిప్పతో ఉంచాలి. రోగం పైకి కనబడడానికి సాధారణంగా అయిదారు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది గనుక సంతలో చురుగ్గా కనిపించిన కోడిని నమ్మడానికి లేదు. ముందు ఇంటి కోళ్లకు మేత వేసి, ఆ తర్వాతే దీని దగ్గరకు వెళ్లి, సబ్బుతో చేతులూ కాళ్లూ కడుక్కోవాలి. కోళ్ల వ్యాపారి బుట్టలను పెరట్లోకి రానివ్వకుండా బేరం వీధిలోనే ముగించాలి.

ఆకుపచ్చని నీళ్ల రెట్ట, నోరు తెరిచి ఎగశ్వాస, వాలిన రెక్కలు, మెలితిరిగిన మెడ, పెంకు లేని గుడ్లు, వీటిలో ఏది కనిపించినా ఆ కోడిని వెంటనే వేరు చేయాలి. ఈ దశలో మనవాళ్లు సాధారణంగా చేసే పని, మిగిలిన కోళ్లను చచ్చేలోపు అయినకాడికి అమ్మేయడం. ఆ తొందర వెనుక ఉన్న బాధ అర్థమవుతుంది గాని, గుణుపురం సంతలో అలా చేతులు మారిన కోడి సాయంత్రానికి పార్వతీపురం మన్యంలోనో శ్రీకాకుళంలోనో మరో పేదరాలి పెరట్లో ఉంటుంది. కనుక అమ్మవద్దు, చుట్టాలకు పంపవద్దు, రోగపు కోడిని కోసి ఈకలూ పేగులూ వీధిలో పారవేయవద్దు. చనిపోయినవాటిని గెడ్డలో విసరకుండా, బావికి దూరంగా మూడు నాలుగు అడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చాలి.

తలా, ముక్కు కింద వేలాడే తమ్మెలూ వాచి నీలంగా మారి, కోళ్లు ఉన్నట్టుండి గుంపుగా చనిపోతే అది బర్డ్ ఫ్లూ కావచ్చు. మన దేశంలో అది మొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది, మనుషులకూ సోకగలదు. పైకి చూసి ఈ రెండు రోగాలనూ విడదీయడం పశువైద్యులకే కష్టం, ప్రయోగశాల పరీక్షతోనే తేలుతుంది. అందువల్ల చనిపోయిన కోడిని వట్టి చేతులతో తాకకుండా, ఇంట్లో పిల్లలను దగ్గరకు రానివ్వకుండా, వెంటనే పశువైద్య కేంద్రానికి గాని 1962 నంబరుకు గాని తెలియజేయాలి. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం ఈ రెండింటినీ తెలియజేయడం యజమాని బాధ్యత. కోళ్లన్నిటినీ చంపేస్తారన్న భయంతో కొందరు దాస్తారు. బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయితే అలా తొలగించిన కోళ్లకు పరిహారం ఉంటుంది, దాచినందువల్ల చచ్చినవాటికి ఏమీ రాదు.

తెగులు వెళ్లాక గూటిలోని రెట్టనూ చెత్తనూ పూర్తిగా ఎత్తి కాల్చి, కడిగి ఆరబెట్టిన తర్వాతే బ్లీచింగ్ నీళ్లు చల్లాలి, ఎందుకంటే మురికి మీద చల్లిన బ్లీచింగ్ పనిచేయదు. గూడును నెల రోజులైనా ఎండకు ఖాళీగా వదిలి, అప్పుడే కొత్త కోడిపిల్లలను తెచ్చుకోవాలి.